వకాలతునుండి ప్రజాసేవకు: ప్రకాశం పంతులుగారి జీవితము

(తెనాలి, బాపట్ల, రేపల్లె పఠనమందిరముల పాఠకులు కూడిన సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



న్యాయవాదులు రాజకీయములలో ప్రవేశించుట మనదేశమున క్రొత్త సంగతి కాదు. కాంగ్రెసు పుట్టిననాటినుండి దాని వేదికపై నల్లకోటువారి సంఖ్యయే మిక్కుటము. గాంధీమహాత్ముడు బారిస్టరు. మోతీలాలు నెహ్రూ, చిత్తరంజన దాసు, మన గుంటూరు కొండ వెంకటప్పయ్య పంతులుగారు, అందఱును కోర్టులలో వాదించి పేరు గడించినవారే. అయినను ఒక పట్టణపు మునిసిపాలిటీలో ప్రజాజీవితము నారంభించి, లండనులో బారిస్టరై, చెన్నపురి హైకోర్టులో విశేషముగ ధనమార్జించి, ఆ ధనమును దేశకార్యమునకు వెచ్చించి, కేంద్ర శాసనసభలోను, చెన్నరాష్ట్ర ప్రధానిపదవిలోను, ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి పదవిలోను కూర్చుండి, తుదకు తమకంటూ ఏమియు మిగుల్చుకొనక వెడలిపోయినవారిని వెదకినచో మనకు మొట్టమొదట తోచు పేరు టంగుటూరి ప్రకాశం పంతులుగారిది.

వారిని గూర్చి మాటలాడుట సులభమనిపించును. గుండెవిప్పి తుపాకికి ఎదురు నిలిచిన ఆంధ్రకేసరి యన్న ఒక్కమాట చాలును. సభలో చప్పట్లు మ్రోగును. కాని చప్పట్లకొఱకు నేడు మన మిచ్చట చేరలేదు. ఆ మహనీయుని బలము ఎచ్చటినుండి వచ్చినది, ఆయన బలహీనత ఎచ్చటినుండి వచ్చినది, ఈ రెండింటినుండియు మన పట్టణములవారు నేర్చుకొనవలసిన దేమి, యని విచారింపవలెను. నా యభిప్రాయమును ముందుగనే మనవిచేయుచున్నాను. పంతులుగారు న్యాయవాదవృత్తిని 1921లో విడిచిరి గాని, న్యాయవాది స్వభావమును కడవఱకు విడువలేదు. అదియే వారి మహత్త్వమునకు కారణము. వారి పరాజయములకును అదియే కారణము.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినపుడు ఒంగోలు దానిలో చేరి, 1970లో క్రొత్త జిల్లా యగువఱకు తెనాలి, బాపట్ల, రేపల్లెలతో పాటు ఒకే జిల్లాలో నుండెను. కావున ఆయనను మన జిల్లావాడని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు గ్రామకరణము. కుమారునకు పదునొకండేండ్లు నిండునప్పటికి ఆయన గతించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించిరి. పదిమందికి వండి వడ్డించి, ఆ వచ్చిన కాసులతో కుమారుని బడికి పంపిన తల్లి కడుపున పుట్టినవానికి బీదతన మనగా పుస్తకములలో చదువుకొనవలసిన విషయము కాదు. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి, తాను రాజమహేంద్రవరమునకు పోవునపుడు వెంట గొనిపోయి చదివించిరి. ఒక పూటకూళ్ళమ్మ కష్టమును, ఒక బడిపంతులు దయయు కలిసి ఆంధ్రదేశమునకు ఒక నాయకుని సమకూర్చినవి.

చెన్నపురిలో న్యాయశాస్త్రము చదివి రెండవతరగతి ప్లీడరై పంతులుగారు రాజమహేంద్రవరమున ప్రాక్టీసు పెట్టి పేరు సంపాదించిరి. ముప్పది దాటీ దాటని ప్రాయముననే ఆ పట్టణపు మునిసిపల్ ఛైర్మన్‌గా ఎన్నికైరి. ఇది వారి ప్రజాజీవితమునకు ఓనమాలు. రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనకు దారి తెఱచిన తరువాత మనదేశీయులు స్వయముగ పరిపాలించుటకు దొరకిన మొదటి చోటు మునిసిపాలిటీయే. దానిలో దేశభక్తి ఉపన్యాసములకు తావులేదు. మంచినీళ్ళు, మురుగుకాలువలు, వీధిదీపములు, ఇంటిపన్ను, ఇవియే అచ్చటి విషయములు. ఎవరి యింటిముందు దీపము వెలుగవలెను, ఎవరి పేటలో కాలువ త్రవ్వవలెను అను ప్రశ్న వచ్చినపుడు పలుకుబడి గలవాడు ఒకవైపును, నోరులేనివాడు ఒకవైపును నిలుతురు. అప్పుడు కుర్చీలోనివాడు ఎటు మొగ్గునో అదియే వాని రాజకీయము. ఈ పాఠమును శాసనసభలో నేర్చుకొనవలెనన్న ఆలస్యమగును.

రెండవతరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు హక్కు లేదు. తన కక్షిదారుని వ్యాజ్యెమును క్రిందికోర్టులో తాను నడిపినను, పైకోర్టులో దానిని మఱియొకరి చేతిలో పెట్టవలసివచ్చును. ఈ కొఱత తీర్చుకొనుటకై పంతులుగారు 1904లో ఆంగ్లదేశమునకు ప్రయాణమైరి. లండనులో బారిస్టరు పరీక్షకు చదువుచునే, 1906 ఎన్నికలలో దాదాభాయి నౌరోజీగారు పార్లమెంటు సభ్యత్వమునకు మరల నిలువగా ఆయన పక్షమున పనిచేసిరి. నౌరోజీగారు ఓడిపోయిరి. అయినను పాలకుల నగరమునందే ఒక భారతీయుడు ప్రజల యెదుట నిలిచి వోటు అడుగుటను కన్నులార చూచుట సామాన్యమైన విద్య కాదు.

1907లో బారిస్టరై తిరిగివచ్చి చెన్నపురి హైకోర్టులో ప్రవేశించిరి. నాడచ్చట పేరుపడ్డ న్యాయవాదులలో దొరలును అఱవవారును హెచ్చు. తెలుగు బారిస్టరు నిలద్రొక్కుకొనుట కష్టము. పంతులుగారు నిలద్రొక్కుకొనుటయే గాక మొదటి వరుసలోనికి వచ్చిరి. సివిలు వ్యాజ్యెములు, క్రిమినలు కేసులు రెండును నడపిరి. ‘లా టైమ్స్’ అను న్యాయపత్రికకు సంపాదకత్వము వహించిరి. ఆ సంవత్సరముననే బిపినచంద్ర పాలుగారు చెన్నపురికి వచ్చి యుపన్యసింపగా, ప్రభుత్వపు కోపమునకు వెఱచి అధ్యక్షత వహించుటకు పెద్దలు వెనుకాడిన సభకు ఈ క్రొత్త బారిస్టరు అధ్యక్షుడైరి. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరను కాల్చిచంపిన కేసు విచారణకు వచ్చినపుడు ముద్దాయిలలో ఒకరి పక్షమున వాదించిరి. రాజద్రోహపు నీడ పడిన కేసులో నిలుచుట ఆదాయమునకు మంచిది కాదని ప్రతి వకీలునకు తెలియును. పంతులుగారికిని తెలియును. అయినను నిలిచిరి. ఎవరి పక్షమున మాటలాడుటకు ఎవ్వరును లేరో వారి పక్షమున లేచి నిలుచుట, వృత్తిధర్మమున మొదటిది. ఇది జ్ఞప్తియందుంచుకొనినచో తరువాతి జీవితమంతయు తేటపడును.

1921 వచ్చినది. గాంధీజీ పిలుపు విని పంతులుగారు సత్యాగ్రహ ప్రతిజ్ఞపై సంతకము చేసి, వేలకువేలు తెచ్చు వృత్తిని వదలిరి. ఆ యేడే అక్టోబరులో ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించిరి. ఆ డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసు వారిని ప్రధాన కార్యదర్శులలో ఒకరిగా ఎన్నుకొనినది. మలబారులో మాపిళ్ళ తిరుగుబాటు చెలరేగినపుడు నిషేధమును లెక్కచేయక అచ్చటికి వెళ్ళిరి; అందులకు శిక్షగా ఉదకమండలములోని వారి ఆస్తిని ప్రభుత్వము జప్తుచేసినది. ‘స్వరాజ్య’ నడచినన్నాళ్ళు వారి సంపాదనను మ్రింగుచునే యుండెను. పత్రికలు నడపినవారికి ఈ సంగతి వివరింప నక్కఱలేదు. కోర్టులో కక్షిదారుడు వకీలునకు ఫీజు ఇచ్చును. ఇచ్చట వకీలే కక్షిదారునకొఱకు ఇల్లు అమ్ముకొనవలసివచ్చెను.

అదే సంవత్సరమున మన బాపట్ల తాలూకాలో జరిగిన ఒక విషయమును ఇచ్చట తలచుకొనవలెను. చీరాల నాడు బాపట్ల తాలూకాలోని యూరు. చీరాల, పేరాల గ్రామములను కలిపి ప్రజల యిష్టమునకు వ్యతిరేకముగ ప్రభుత్వము 1919లో మునిసిపాలిటీని నెలకొల్పినది. పన్నుల భారము ఒక్కసారిగ అనేక రెట్లు పెరిగినది. నేతపనివారు, చిన్న వర్తకులు, కూలీలు ఎచ్చటినుండి తెచ్చి కట్టగలరు? ఎడింబరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వారు ఊరు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు మాసములు కాపురముండిరి. రాజమహేంద్రవరమున మునిసిపాలిటీ ఒక నాయకునకు బడియైనది. చీరాలలో మునిసిపాలిటీ ప్రజలకు బరువైనది. పేరు ఒక్కటియే. భేదమంతయు ఎచ్చటనున్నది? ప్రజల యిచ్ఛలో నున్నది. స్థానిక స్వపరిపాలనములో ‘స్వ’ అను అక్షరము పోయినచో మిగులునది పన్ను వసూలు మాత్రమే. ఈ వాక్యమును మూడు పట్టణముల మునిసిపల్ కార్యాలయముల గోడలపై వ్రాయించిన బాగుండును.

ఇక 1928 ఫిబ్రవరి 3వ తేదీ. సైమన్ కమిషను బొంబాయిలో దిగిన దినమున దేశమంతట హర్తాళ్ జరిగినది. చెన్నపురిలో హైకోర్టు చేరువ ప్యారీ మూలకడ పోలీసులు గుంపుపై కాల్పులు జరుపగా పార్థసారథి యను యువకుడు మరణించెను. శవమును చూడబోయిన పంతులుగారిని సిపాయి తుపాకి చూపి అడ్డగించెను. పంతులుగారు చొక్కా విప్పి ఱొమ్ము చూపిరి. సిపాయి తప్పుకొనెను. ఈ కథ అందఱికి తెలిసినదే. కాని ఆ స్థలమును గమనింపుడు. ఏ హైకోర్టులో పదునాలుగేండ్లు గౌనువేసికొని వాదించిరో, ఆ హైకోర్టు చేరువనే, గౌను లేక, చొక్కా కూడ లేక, చనిపోయిన యొక అనామకునికొఱకు నిలిచిరి. వారి జీవితమున ఇంతకంటె పెద్ద వాదన లేదు. ఆనాటినుండి వారు ఆంధ్రకేసరి యైరి.

1926లోనే వారు కేంద్ర శాసనసభకు ఎన్నికై యుండిరి. 1930లో ఉప్పుసత్యాగ్రహము రాగా ఆ సభ్యత్వమును వదలి జైలునకు వెళ్ళిరి. 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవిన్యూమంత్రులైరి. ఈ పదవిలో వారు చేసిన పని వారి యావజ్జీవితములో మిక్కిలి గొప్పదని నా నమ్మకము. జమీందారీ రైతుల కష్టములను విచారించుటకు నియమింపబడిన సంఘమునకు అధ్యక్షులై, జమీను గ్రామములు తిరిగి, సాక్ష్యములు సేకరించి, పాత రికార్డులు త్రవ్వించి 1938లో నివేదిక సమర్పించిరి. భూమికి హక్కుదారు రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుచేయువాడు మాత్రమేయనియు, 1802 శాశ్వత పరిష్కారమునాటి రేటునకు మించి శిస్తు పెంచుటకు వానికి హక్కులేదనియు తేల్చిరి. రైతు పక్షమున కన్నీరు కార్చినవారు అంతకుముందు పలువురు కలరు. రైతు పక్షమున దస్తావేజులు చూపి వ్యాజ్యెము గెలువదగినట్లు వాదించినవారు పంతులుగారు. యుద్ధకారణమున 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే చట్టము ఆగినది. అయినను 1948లో వచ్చిన ఎస్టేటుల రద్దు చట్టమునకు దారి వేసినది ఈ నివేదికయే.

1942 ఆగస్టులో దేశనాయకు లందఱితోపాటు పంతులుగారును నిర్బంధింపబడి మూడేండ్లు జైలులో నుండిరి. ఆ ఆగస్టు 12వ తేదీన ఈ తెనాలిలో ఏమి జరిగినదో మీకు నేను చెప్పనక్కఱలేదు. రైలుస్టేషను తగులబడినది; పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరిగిరి. రణరంగచౌకులోని స్తూపములు నేటికిని ఆ సంగతి చెప్పుచున్నవి. నాయకులు జైలులో నున్నను ఊరు ఊరక కూర్చుండలేదు.

1946 ఏప్రిల్ 30న పంతులుగారు చెన్నరాష్ట్ర ప్రధాని యైరి. గాంధీజీ మనసు రాజాజీవైపున నున్నను శాసనసభ్యులు పంతులుగారినే ఎన్నుకొనిరి. ఇచ్చటినుండి కథ మాఱుచున్నది. గ్రామములకు ఫిర్కా అభివృద్ధి పథకము పెట్టిరి. ఖద్దరునకు మేలు చేయదలచి క్రొత్త నూలుమిల్లులను అడ్డగించిరి. గుడ్డకఱవు నాటి దినములలో ఈ రెండవపని ఎందఱికో రుచింపలేదు. స్వపక్షములోని వర్గములు ఏకమైనవి. పదునొకండు మాసములు నిండకమునుపే, 1947 మార్చిలో, ఆ మంత్రివర్గము పడిపోయినది. 1951లో కాంగ్రెసునే విడిచి కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరిరి. 1952 సామాన్య ఎన్నికలలో ఓడిపోయిరి. ఆంధ్రరాష్ట్రమునకై పొట్టి శ్రీరాములుగారు ప్రాణమర్పించిన పిదప, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరింపగా, ఎనుబదియొక్క యేండ్ల పంతులుగారిని పిలిచి ముఖ్యమంత్రి పీఠమున కూర్చుండబెట్టిరి. 1913లో ప్రథమాంధ్ర మహాసభ మన బాపట్లలో జరిగినది. అచ్చట మొలకెత్తిన కోరిక నలుబది యేండ్లకు ఫలించి ఈ వృద్ధుని చేతికి అందినది. ఆ ఫలమును వారు పదునాలుగు మాసములైన నిలుపుకొనలేకపోయిరి. 1954 నవంబరులో మద్యనిషేధ వివాదముపై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు ఆధిక్యముతో నెగ్గినది.

ఇట్లు రెండుమార్లు ఎందులకు జరిగినది? కుట్రయని కొందఱందురు; విధియని కొందఱందురు. నాకు తోచునది వేఱు. వకీలు కోర్టులో ఒక్కడుగ నిలుచును. తన కేసు న్యాయమైనదని నమ్మినచో ఎదుటివానితో రాజీపడుట వానికి అవమానము. ఎదుటివాడు నొచ్చుకొనినను వానికి నష్టములేదు. తీర్పు చెప్పువాడు వేఱొకడు పైన కూర్చుండి యుండును. మంత్రి విషయ మట్లుగాదు. ప్రతివాదియు తన పార్టీలోనివాడే. తీర్పు చెప్పువాడును వాడే. రేపు చేతులెత్తవలసినవాని మాట నేడు వినకున్నచో న్యాయమైన కేసుకూడ ఒక్క వోటుతో కొట్టివేయబడును. పంతులుగారు తుపాకిముందు నిలుచుట ఎఱుగుదురు. వర్గముల నడుమ కూర్చుండి సర్దుబాటు చేయుట వారి స్వభావములో లేదు. సాహసమునకు పెట్టినది పేరు గాని, ఓపికకు పెట్టినది కాదు. మహాపురుషుని లోపము చెప్పుట అపచారమని కొందఱు తలంతురు. లోపము చెప్పక పూలదండ వేయుటయే అపచారమని నేను తలంతును; ఏలన అట్టి దండవలన మన మేమియు నేర్చుకొనము.

అయిననేమి, ఆ పదునాలుగు మాసములలో నిలిచిపోయినవి కొన్ని కలవు. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినది. ఒకనాడు పైకోర్టులో నోరువిప్ప హక్కులేని ప్లీడరు, తన సొంత జిల్లాలో పైకోర్టు వెలసినపుడు ముఖ్యమంత్రి. ఆ సంవత్సరమే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. అన్నిటికంటె మన యిండ్ల వాకిళ్ళకు వచ్చినది వేఱొకటి కలదు. కృష్ణపై 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో గండిపడినది. ఆనకట్ట పోయినచో డెల్టా పోవును. 1954లో పంతులుగారి ప్రభుత్వకాలముననే క్రొత్త బ్యారేజి పని ఆరంభమైనది, 1957లో పూర్తియైనది. ఆ సంవత్సరముననే మే 20వ తేదీన పంతులుగారు హైదరాబాదులో కన్నుమూసిరి. డెబ్బది తలుపుల ఆ బ్యారేజికి వారి పేరు పెట్టిరి. నేడు 12 లక్షల ఎకరములకు మించిన కృష్ణా డెల్టా దానిపై నాధారపడి యున్నది. తెనాలి నడుమ సాగు కాలువలోని నీరు, రేపల్లె దిక్కునకు పోవు బ్యాంకు కాలువ నీరు, బాపట్ల సీమకు పోవు కొమ్మమూరు కాలువ నీరు, అన్నియు ఆ తలుపుల దాటివచ్చినవే. 2022లో బాపట్ల జిల్లా యేర్పడి రేపల్లె దానిలో చేరినది. తెనాలి గుంటూరులోనే నిలిచినది. జిల్లాలు వేఱైనను నీరు వేఱుకాలేదు.

సోదరులారా! నేడు మన పట్టణములలో మునిసిపల్ సభ్యత్వమును శాసనసభకు మెట్టుగను, శాసనసభను మంత్రిపదవికి మెట్టుగను భావించువారు హెచ్చుచున్నారు. మెట్టు అనుకొనినవాడు దానిపై కాలు పెట్టును గాని కన్ను పెట్టడు. పంతులుగారి జీవితమున మునిసిపాలిటీ, హైకోర్టు, శాసనసభ, మూడును ఒకేపనికి మూడు చోట్లు. ఆ పని, నోరులేనివానికి వకాలతు. దానిని వారివలె చేయుటకు మనలో నందఱికి శక్తి లేకపోవచ్చును. కాని వీధిలో దీపము వెలుగని పేటవాని అర్జీని చదివి వినిపించుటకు బారిస్టరు పట్టము అక్కఱలేదు. వారికి లేని ఓపికను మనము అలవఱచుకొని, వారికి గల ధైర్యములో నాలవపాలైన తెచ్చుకొనినచో, ఈ మూడు పట్టణముల సభాభవనములు వేఱొక తీరున నడచును.

పఠనమందిరములకు వచ్చు మీరు పత్రిక చదివి మడచిపెట్టి యింటికి పోవువారు కారని నమ్ముచున్నాను. ఈసారి మునిసిపల్ ఎన్నికలలో మీ వీధికి వోటడుగ వచ్చినవానిని మీ రేపార్టీవారని అడుగుటకుముందు, ఇంతవఱకు ఎవరి పక్షమున నిలిచితిరని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవానినే ఎన్నుకొనుడు. పంతులుగారికి మనము చెల్లింపగల ఫీజు అదియే.

వందేమాతరము.